పదివేల ఏడు గన్నేర్లు

మూడోసారి పేర్చినా చివరి వరసలో మూడు మొక్కలు తక్కువొచ్చేసరికి త్రిమూర్తులు నడుం పట్టుకుని లేచాడు. వరసకు తొంభై ఒకటి చొప్పున పెట్టమని హరిబాబు హుకుం. నూట తొమ్మిది వరసలు నిండాయి. నూట పదోది నిండలేదు.

కడియంలో ఆ నర్సరీలో ముప్పై రెండేళ్లుగా అతని పని ఇదే. సంచుల్లో పెరిగిన మొక్కల్ని మడిలో సమానంగా వరసలు కట్టి, ప్రతి వరస చివరా ఒక కొబ్బరి ఈనె గుచ్చుతాడు. ఈనెలు లెక్కబెడితే లారీ లెక్క తేలిపోతుంది. గోళ్ల కింద మట్టి అతని పెళ్లినాడు కూడా పోలేదు. చెవి మీద మాత్రం ఎప్పుడూ ఒక బాల్‌పెన్ను. ఏడో తరగతితో బడి మానేసినా లెక్కలంటే ప్రాణం.

ఈసారి హైవే కాంట్రాక్టరు పదివేల గన్నేర్లు అడిగాడు. కిందటి లోడులో చచ్చిపోయినవాటికి బదులు మరో ఏడు. ఓనరు మేనల్లుడు హరిబాబు కొత్తగా తెచ్చిన ట్యాబు, వరసలన్నీ సమానంగా ఉంటే తప్ప లోడు కదలనివ్వదు.

"పదివేల చిల్లర, త్రిమూర్తులూ! అంత పెద్ద నంబరు దేనికో దానికి పోదా? నీకు చేతకావట్లేదని చెప్పు."

"పోదండి. ఒకే వరసగా పెట్టమంటే పెడతానండి. ఊరు దాటిపోద్ది, మీ ఇష్టం."

పక్కన మొక్కలు మోస్తున్న రత్తమ్మ కిసుక్కున నవ్వింది. హరిబాబు మొహం మాడిపోయింది.

"సాయంత్రానికి కుదరకపోతే రేపట్నుంచి వరసలు మొన్న చేరిన కుర్రాడు బుజ్జిబాబు చూసుకుంటాడు. నువ్వు నీళ్లు పట్టుకో."

త్రిమూర్తులుకి ఒళ్లు మండిపోయింది. నిన్నగాక మొన్న వచ్చినవాడు తనకు వరసలు నేర్పుతాడా! గట్టు మీద కూలబడి, ఎరువుల రసీదు వెనక్కి తిప్పి, భాగారాలు మొదలుపెట్టాడు. రెండుకు పోనిది నాలుగుకు పోదు, మూడుకు పోనిది తొమ్మిదికి పోదు. అలా ఇంకో అంకెకు లొంగనివే చూస్తే చాలు. నూరు దాటి చూడక్కర్లేదు. దాటినదానికి పోయేట్టయితే, దాని జత నూరు లోపలే దొరికిపోవాలి. మొత్తం పాతిక భాగారాలు. ఏడుకు నాలుగు మిగిలింది. పదకొండుకు ఎనిమిది. పదమూడుకు పది. ప్రతిదానికీ ఏదో ఒకటి మిగులుతూనే ఉంది.

"ఇంకా రాసుకుంటూ కూర్చున్నావా? చేతకానప్పుడు ఒప్పుకోవచ్చుగా!" హరిబాబు నెత్తిమీదికొచ్చి అరిచాడు.

ఎనభై తొమ్మిదికి ముప్పై తొమ్మిది మిగిలింది. త్రిమూర్తులు దాన్ని రాసి, రసీదునూ పెన్నునూ హరిబాబు చేతిలో పెట్టాడు.

"ఇరవై నాలుగు నేను చేశానండి. తొంభై ఏడు ఒక్కటే ఉంది. అది మీరు చేసుకోండి."

తలకు తువ్వాలు చుట్టి సైకిలు తీశాడు. వెనక్కి చూడలేదు.

ఇదేం పొగరని గొణుక్కుంటూనే హరిబాబు అదే గట్టు మీద కూర్చుని రాశాడు. పదహారు మిగిలింది. కొట్టేసి మళ్లీ చేశాడు. పదహారే. ఇక ఆ లెక్క సమాన వరసలకు దేనికీ పోదు.

"త్రిమూర్తులు గారూ!" అని గేటు దాకా పరుగెత్తాడు. ఆయన్ను గారూ అని పిలవడం అదే మొదలు.

"కాలవగట్టు దాటేశారండి. ఇక రానన్నారు," అంది రత్తమ్మ.

మూత చుట్టూ పంటిగాట్లున్న ఆ బాల్‌పెన్ను, మట్టి వేలిముద్రలతో సహా, హరిబాబు చేతిలోనే ఉండిపోయింది.