వంటింటి గుమ్మంలో కథానాయిక

ఆదివారం భోజనాలయ్యాక ఆ ఇంట్లో ముగ్గురూ టీవీ ముందు చేరేవారు. మందుల షాపాయన సోఫాలో, పక్కన వాళ్ళమ్మ, కింద చాప మీద కోడలు. సినిమా అయిపోగానే అందులోని ముఖ్యమైన మనిషి తెర దిగి వచ్చి నిలబడటం, చూసినవాళ్ళు తలా ఒక మాట చెప్పి సాగనంపడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. కాకపోతే మనసులో మాట చెప్పాలి. ఒక్కరు మొహమాటానికి చెప్పినా ఆ మనిషి కదలడు.

ఈ ఇంట్లో ముందు ఆయన చెప్పేవాడు. ఆయన బాగుందంటే తల్లికీ పెళ్ళానికీ బాగుండేది, చెత్తంటే చెత్త. దొంగల సినిమాలకీ దెయ్యాల సినిమాలకీ అది సరిపోయింది. వాటి గురించి వేరే అభిప్రాయం ఎవరికుంటుంది గనక!

ఆ వారం కథానాయిక విమానాలు నడిపే మనిషి. చివర్లో మొగుడు అలిగితే ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చి తలుపేసుకుంటుంది. షాపాయనకి కళ్ళు చెమర్చాయి. సంసారమంటే అదీ అన్నాడు. అత్తగారు అవునంది, కోడలూ అంది. కథానాయిక మాత్రం తెర దిగొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, ఇక కదిలితే ఒట్టు.

తన మాటే అబద్ధమని కోడలికి వెంటనే తెలిసిపోయింది. పెళ్ళికి ముందు ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. వంద చొక్కాల గుడ్డ ఒకేసారి పేర్చి కోసినా అంచు చెదిరేది కాదు. మళ్ళీ రమ్మని అక్కణ్ణుంచి కబురొచ్చింది. బుధవారం చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. మొగుణ్ణి అడిగితే, "ఇంట్లో నీకేం తక్కువైంది?" అన్నాడు. ఏం చెబుతుంది? తక్కువైందేమీ లేదు. ఊపిరాడటం లేదు, అంతే.

అసలే ఇరుకు గుమ్మం. అన్నం గిన్నె పట్టుకుని పక్కకి తిరిగి దాటాల్సి వచ్చేది. పాపం కథానాయిక ఒదిగే నిలబడింది గానీ, చూపు మాత్రం తిప్పదు. సరిగ్గా చెప్పి పంపించెయ్యమని ఆయన పెళ్ళాం మీద విసుక్కున్నాడు. చాలా బాగుందంది కోడలు, ఏడుపొచ్చిందంది. ఏడుపొచ్చిన మాట నిజమే.

మంగళవారం సాయంత్రం ఆ గుమ్మంలోనే కథానాయిక చెయ్యి తగిలి కోడలి చేతిలో టీ ఒలికింది. ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా అని ఆయన కసిరాడు. కోడలు ట్రే కింద పెట్టింది.

"నాకు నచ్చలేదండీ. ఆ పిల్ల ఉద్యోగం మానకుండా ఉండాల్సింది. రేపు నేను పనికి వెళ్తాను."

అన్నాక ఎంత తేలికైపోయిందంటే, నవ్వొచ్చింది. ఆయన గుమ్మం వైపు చూశాడు. కథానాయిక అక్కడే ఉంది.

"చూశావా, ఇదీ నీ మనసులో మాట కాదు," అన్నాడు, పట్టు దొరికినవాడిలా. "పనీ లేదు, గినీ లేదు."

కోడలి మొహం పాలిపోయింది. నిజమే చెప్పింది కదా, తన మనసు తనకే తెలియదా? ఇక ఏం చెప్పినా ఈ ఇంట్లోంచి బయటపడేది లేదనిపించింది.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తకుండానే, "దాని తప్పు లేదురా. చెప్పాల్సింది నేను," అంది.

"బాగుందన్నావు కదమ్మా."

"నువ్వన్నావని అన్నాను. అంతకుముందు మీ నాన్న అన్నారని అనేదాన్ని. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేదాన్ని నేను. ఆయన వద్దంటే మానేశాను. ఆ సినిమా చూస్తుంటే ఒళ్ళు మండిపోయింది నాకు."

కథానాయిక గుమ్మం వదిలింది. కోడలి పక్కగా నడిచి, వీధి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఇద్దరిదీ మనసులో మాటేనని ఆయన కళ్ళారా చూశాక ఇంకేం వాదిస్తాడు? సోఫాలో చతికిలబడ్డాడు.

అత్తగారు చిక్కుడుకాయల పళ్ళెం తీసి కొడుకు ఒళ్ళో పెట్టింది. కోడలి వైపు తిరిగి, "పొద్దున బస్సు ఎన్నింటికమ్మా?" అని అడిగింది.