పెంచలమ్మ పెట్టె, నా కొక్కెం

నేను ఒక కొక్కెం కాటాను. అరచేతిలో ఇమిడే గుండ్రటి ముఖం, దాని మీద ఎర్ర ముల్లు, కింద ఉక్కు కొక్కెం, పైన పట్టుకోవడానికి ఒక ఉంగరం. కూరగాయల కొట్లలో నన్ను చూసి ఉండరు. కువైట్‌లో మనవాళ్లు కాపురముండే ప్రతి మేడలోనూ నాలాంటిది ఒకటి ఉంటుంది. ఊరికి పోయేవాళ్ల పెట్టెలు తూచడం మా పని.

చైనాలో పుట్టానని నా వీపు మీద రాసి ఉంది. ఆ ఊరు నాకు గుర్తు లేదు. నా స్ప్రింగు బిగించిన వేళ్లు మాత్రం గుర్తున్నాయి. చల్లగా, తొందరగా ఉండేవి. ఓడ దిగి, కువైట్‌లోని ఫర్వానియాలో ఒక మలయాళీ కొట్లో రెండు నెలలు వేలాడాను. రాజంపేట డ్రైవరొకడు నన్ను కొని, ఒక్కసారి తూచుకుని, విమానం ఎక్కుతూ గదిలో వదిలేశాడు. ఆ గదివాళ్లు పై గదికి ఇచ్చారు, వాళ్లు ఎదురింటికి ఇచ్చారు. అలా మెట్లు ఎక్కీ దిగీ చివరికి హుసేన్‌బీ తలుపు వెనక మేకుకు చేరాను. ఆమెది రాయచోటి. ముప్పై ఏళ్లుగా ఇళ్లలో వంట చేసి బతుకుతున్న మనిషి. మేడంతా ఆమెను బూబమ్మా అని పిలిచేవారు. కాటా కావాలంటే బూబమ్మను అడగాలి.

నాకు మనుషుల మీద ఒక సరదా ఉంది. మనిషికి ముప్పై కిలోలు అని విమానంవాళ్లు చెబుతారు. ముల్లు ముప్పై మూడు చూపిస్తుంది. అప్పుడు వీళ్లు ఏం చేస్తారంటే, ఎవరూ చూడకుండా కాలి బొటనవేలిని పెట్టె కిందికి తోస్తారు. ముల్లు ముప్పైకి దిగుతుంది, ముఖం వెలుగుతుంది. విమానాశ్రయంలో ఆ బొటనవేలు పని చేయదని అందరికీ తెలుసు. అయినా ప్రతివాడూ తోస్తాడు.

ఇంతమందిని మోసి మోసి నా స్ప్రింగు సాగిపోయింది. ఖాళీగా ఉన్నా ముల్లు రెండు దగ్గరే నిలబడుతుంది. "రెండు కిలోలు తీసేసి చదువుకోండి" అని బూబమ్మ చెప్పి ఇచ్చేది.

పెంచలమ్మది మూడో అంతస్తు. ఆమె భర్త గంగయ్య ఏసీలు బాగుచేసేవాడు. మొన్న ఎండాకాలం ఎవరిదో మేడ పైన పనిచేస్తూ గుండె ఆగి పడిపోయాడు. శవాన్ని ఊరికి పంపడానికి కావలసిన కాగితాల కోసం మేడలోనివాళ్లంతా ఆఫీసుల చుట్టూ తిరిగారు. పెంచలమ్మ తొమ్మిదేళ్ల కూతురు హేమశ్రీతో, కట్టుబట్టలతో ఆ విమానంలోనే వెళ్లింది. నలభై రోజులు రాజంపేటలో మరిది నరసింహులు ఇంట్లో ఉంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. కాని నలభై రోజులు గడిచేసరికి ఆ ఇంటి వంట, అంట్లు, బట్టలు అన్నీ ఎలా జారాయో ఆమె చేతుల్లోకి జారాయి. పాప పరీక్షలనీ, ఇల్లు ఖాళీ చేయాలనీ చెప్పి ఆమె తిరిగి వచ్చింది. అకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, భర్త పేరు మీదే ఉంది. దానికి ఇంకా రెండు నెలలే గడువు. ఆ తర్వాత తల్లీబిడ్డలిద్దరూ ఊరికి పోవలసిందే, మళ్లీ రావడమంటూ లేదు.

ఆమె దగ్గర ఒక కుట్టుమిషను ఉండేది. శుక్రవారం సంతలో గంగయ్య కొన్నది, మోటారుతో నడిచే పాత జపాను మిషను. చుట్టుపక్కల మన ఆడవాళ్ల రవికెలన్నీ దాని మీదే కుట్టేది. ఊరికి ఆ మిషను చేరితే ఎక్కడో ఒక గది తీసుకుని, పిల్లను చదివించుకుంటూ తన కాళ్ల మీద తాను నిలబడగలదు. చేరకపోతే మరిది వంటిల్లే గతి. ఫోనులో ఆయన ప్రేమగానే చెప్పాడట, మిషనూ గిషనూ ఏం వద్దు వదినా, వచ్చి ఇంట్లో ఉండు, మా ఆవిడ నీకు చెల్లెలి లాంటిదే, దానికి పనిలో తోడుగా ఉంటావు అని. ఆ మాట చెప్పుకునే ఆమె బూబమ్మ దగ్గర ఏడ్చింది. నేను మేకుకు వేలాడుతూ విన్నాను.

అక్కడ ఒక ఆచారం ఉంది. ఎవరు ఊరికి పోతున్నా మిగతావాళ్లు తమ ఇళ్లకు పొట్లాలు ఇస్తారు. పాలపొడి డబ్బాలు, సబ్బులు, జ్యూసు పొడి, మనవడికి బొమ్మ. "రెండు కిలోలే అక్కా" అంటారు. రెండు కిలోలని చెప్పిన పొట్లం రెండు కిలోలు తూగగా నేనెన్నడూ చూడలేదు. కాదనే అలవాటు మనవాళ్లలో లేదు. అందులోనూ గంగయ్య కోసం అంత తిరిగినవాళ్లకు పెంచలమ్మ కాదని ఎలా చెబుతుంది? పదకొండు మంది ఇచ్చారు. ఆమె పదకొండూ తీసుకుంది.

అన్నం అందరికీ వడ్డించి అడుగున మిగిలింది తినే మనిషి ఆమె. పెట్టెలూ అలాగే సర్దింది. ముందు పొట్లాలు, వాటి పైన పిల్ల పుస్తకాలు, బట్టలు, గంగయ్య ఫోటో. ఇద్దరివీ కలిపి అరవై కిలోలు. తూచింది, రెండు తీసేసి చదివింది, తాళ్లు కట్టింది. మిషను ఇంకా గోడవారనే ఉంది.

దాన్ని కూడా నా కొక్కేనికి తగిలించింది. పదమూడు కిలోలు. కాసేపు నా ముల్లు వైపే చూసి, మిషనును కిందికి దించి, కొంగుతో దాని దుమ్ము తుడిచింది. బూబమ్మకు ఇచ్చేస్తానంది.

హేమశ్రీ మంచం మీద కూర్చుని అంతా చూస్తోంది. ఆ పిల్ల అక్కడే పుట్టింది. ఊరంటే దానికి సెలవుల్లో పోయే చోటు.

"అమ్మా, ఊరికి మనం పోతాండామా, వీళ్ల పొట్లాలు పోతాండాయా?" అంది.

వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది.

పెంచలమ్మ కొంగు నడుముకు చుట్టుకుంది. తాళ్లు విప్పింది. రెండు పెట్టెలనూ నేల మీద కుమ్మరించింది. మిషనును దుప్పటిలో చుట్టి ఒక పెట్టె అడుగున పడుకోబెట్టింది. కత్తెరలు, ఇస్త్రీపెట్టె, బట్టల తానులు దాని చుట్టూ పేర్చింది. తర్వాత పుస్తకాలు, బట్టలు, ఫోటో. అన్నీ అయ్యాక తూచి చూస్తే కిలోకి లోపే చోటు మిగిలింది. పొట్లాలన్నీ ఒక బక్కెట్లో, రెండు సంచుల్లో వేసుకుని, నన్ను మణికట్టుకు తగిలించుకుని మెట్లు దిగింది. అది శుక్రవారం పొద్దున, అక్కడ సెలవు రోజు, అందరూ ఇళ్లలోనే ఉన్నారు.

తలుపు తలుపుకూ ఆగింది. ఏమనుకోవద్దంటూ ఎవరి పొట్లం వాళ్లకు తిరిగి ఇచ్చింది. చాలామంది మంచివాళ్లే. పొట్లం తీసుకుని, మిషను తీసుకపోతాండావా, మంచి పని చేసినావు అన్నారు. ఒకాయన జ్యూసు పొడి తిరిగి తీసుకుంటూ, మావాళ్లకు దాని తీపి ఎక్కువైంది లెమ్మని నవ్వాడు. కామాక్షమ్మ మాత్రం గడప దాటి వచ్చింది.

"గంగయ్య పోయిన పొద్దు మేమంతా పనులు మానుకోని తిరిగినాం. నా పాలపొడి డబ్బా నీకు బరువైందా పెంచలమ్మా?"

పెంచలమ్మ సంచిలోంచి ఆ డబ్బా తీసి ముందుకు చాచింది.

"మీరు తిరిగింది సచ్చేదాకా మరవనక్కా. మీరంతా కలిసి ఆయప్పను ఊరికి చేర్చినారు. ఇప్పుడు నన్ను చేర్చుకోవాల్సింది నేనే."

కామాక్షమ్మ డబ్బా లాక్కుని తలుపు వేసుకుంది. మళ్లీ మాట్లాడలేదు.

ఒక్క పొట్లాన్ని పెంచలమ్మ తిరిగి ఇవ్వలేదు. ఇళ్లల్లో పనిచేసే ఈశ్వరమ్మ తన కొడుక్కి కొన్న బడి బూట్లవి. మూడేళ్లుగా ఆమె కొడుకును చూడలేదు. బూట్ల కొలత ఫోనులో అడిగి తెలుసుకుని కొంది. వాటిని పెంచలమ్మ మిగిలిన ఆ కాస్త చోటులో దూర్చింది.

నన్ను తిరిగి ఇవ్వబోతే బూబమ్మ తీసుకోలేదు.

"నాకు పొట్లం పంపేదానికి ఆ పక్క ఎవురూ లేరు. ఇదే నా పొట్లం అనుకో. ఇన్నేండ్లు అందుర్నీ సాగనంపింది గానీ ఇదెప్పుడూ ఊరు చూల్లేదు" అంది.

అలా చేతిసంచిలో నేనూ విమానం ఎక్కాను.

రాజంపేటలో పెట్టెలు విప్పుతుంటే చుట్టాలంతా చుట్టూ కూర్చున్నారు. కువైట్ పెట్టె విప్పడమంటే అక్కడ చిన్న తిరునాళ్ల. దుప్పట్లు వస్తాయని, సెంటు సీసాలు వస్తాయని చూశారు. దుప్పటి వచ్చింది, ఒక్కటే. అందులోంచి మిషను వచ్చింది. నరసింహులు దాన్ని ఒకసారి లేపి చూసి కింద పెట్టాడు.

"అందురూ కువైట్ నుంచి బంగారం తెస్తారు. మా వదిన ఇనుము తెచ్చింది" అన్నాడు.

అందరూ నవ్వారు. పెంచలమ్మా నవ్వింది. మర్నాడే వరండాలో పాత తలుపు చెక్క ఒకటి ఇటుకల మీద పెట్టి దానికి మిషను బిగించింది. మొదటి రవికె మరిది భార్యకే కుట్టింది. పొద్దున ఆ ఇంటి వంట, మధ్యాహ్నం మిషను. నాలుగో నెలలో బస్టాండు వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుంది. హేమశ్రీని బడిలో మొదట్లో కువైట్ పిల్ల అని ఏడిపించేవారట. ఇప్పుడు టైలరమ్మ కూతురు అంటున్నారు. అదెంతో నయమని ఆ పిల్లే చెప్పింది.

నాకు అక్కడ పెద్దగా పని లేదు. గోడకు మేకు, నా కొక్కేనికి దారం ఉండలు. రంగురంగుల దారాలు మోయడం నాకు కొత్త. తూచమని అడిగేవారు లేరు. తుక్కు బండి సందులోకి వచ్చినప్పుడల్లా అది నా కోసమే వచ్చిందేమో అనుకునేవాణ్ని.

నిన్న రెడ్డెమ్మ అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయి. రెండేళ్ల బిడ్డను తల్లి దగ్గర వదిలి కువైట్‌కు ఇంటిపనికి పోతోంది. కుట్టడానికి ఇచ్చిన రవికెల కోసం వచ్చి, గోడ మీద నన్ను చూసి, తన సంచి తూచమంది. పెంచలమ్మ దారాలు తీసి పక్కన పెట్టింది. సంచి తగిలిస్తే ముల్లు పదకొండు దగ్గర ఆగింది, అంటే తొమ్మిదే. ఇన్నేళ్లలో ఊరికి వచ్చే పెట్టెలే తూచాను గాని కువైట్‌కు పోయే సంచిని తూచడం అదే మొదలు. ఇంత తేలికగా ఉంటుందని నాకు తెలియదు. బొటనవేలు పెట్టే పనే లేదు.

"వచ్చేటప్పుడు ముందు నీది సర్దుకోమ్మా. ఊళ్లోవాళ్లది ఆ పైన" అంది పెంచలమ్మ.

"ఇంకా పోనే పోలేదు గదక్కా" అని రెడ్డెమ్మ నవ్వింది.

"అందుకే ఇప్పుడే చెప్తాండా. అప్పుడు నీ పక్కన నేనుండను గదా."

చెప్పి, నన్ను ఆ అమ్మాయి సంచిలోనే పెట్టింది. ఖాళీగా ఉన్నా రెండు చూపిస్తుందనీ, తీసేసి చదువుకోమనీ చెప్పింది. నన్ను తూచడానికి ఇంకో కాటా లేదు కనుక నా బరువు ఎవరి లెక్కలోకీ రాలేదు.

కొత్త రవికెల మడతల మీద పడుకున్నాను. సంచి మూశారు. సందు మలుపు తిరిగేదాకా పెంచలమ్మ మిషను చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.