సగంల ఆగిన మాట

కోరుట్లల రేణుక ఇంట్ల పొద్దుగాల స్కూల్ వ్యాన్ హారన్ కంటే ముందే లొల్లి మొదలైతది. ఆరేండ్ల జీవన్‌కు ఒక సాక్సు దొరకది. వాని చెల్లె సంధ్యకు రెండూ దొరుకుతయి గని అందుల ఒకటి జీవన్‌ది. రేణుక ఒక చేత్తో టిఫిన్ బాక్సు మూత నొక్కుతది, ఇంకో చేత్తో పిల్ల జడ పట్టుకుంటది, నోటితో మహేందర్‌ను లేపుతది. మహేందర్‌కు బస్టాండ్ దగ్గర మోటార్ల వైండింగ్ దుకాణం. కాలిపోయిన బోరు మోటారునైనా బతికిస్తడు గని, పొద్దున తనను తాను లేపుకునుడు మాత్రం ఆయనకు రాదు.

ఆ రోజు వ్యాన్ పోయినంక ఆలుమగలు బండి మీద రాయికల్‌కు బయల్దేరిండ్లు, చుట్టాల ఇంట్ల పెండ్లి. దారిల ఎవరో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసిండ్లు. బండి జారింది. ఇద్దరు వడ్లల్ల పొర్లి లేచిండ్లు. వెనుక వచ్చే లారీ కీచుమని ఆగింది. వడ్లు ఆరబోసినాయన ఉరికొచ్చి ముందు వడ్లు చూసుకున్నడు, తర్వాత వీళ్లను చూసిండు.

మోచేతులు గీరుకపోయినయి, అంతే. పెండ్లికి పోకుండనే ఇంటికొచ్చిండ్లు. దెబ్బకు పసుపు పెట్టుకుంట రేణుక అన్నది: "ఒక్క బండి మీద ఇద్దరం పోయినం. గా లారీ ఆగకుంటే? సాయంత్రం వ్యాన్ కాడికి ఎవరు పోతుండె? చెప్తున్న ఇను. నేను లేనప్పుడు పిల్లలు..."

"థూ! గా మాటలెందుకే?" అని మహేందర్ అడ్డం పడ్డడు.

రేణుక మాయమైంది. పసుపు గిన్నె గాలిల నిలబడ్డది.

మహేందర్ నెత్తి కొట్టుకున్నడు. ఆ దిక్కు అందరికి ఎరుకున్న సంగతే ఇది. "నేను లేనప్పుడు" అని మొదలుపెట్టిన మనిషి, ఆ మాట పూర్తయ్యేదాక లేకుంటనే పోతడు. కనబడడు, వినబడడు. ఇంట్లనే ఉంటడు, తింటడు, తిడతడు కూడా, మనకే వినరాదు. మామూలుగైతే జనం గబగబ చెప్పేస్తరు, రెప్ప కొట్టేంతల పోయి వచ్చేస్తరు. చిక్కంతా అడ్డం పడేటోళ్లతోనే. ఒకసారి మాట తెగిందంటే, ఆ మనిషి మనసుల ఏమున్నదో అదే మాటను ఇంకొకరు పైకి అనాలె. అప్పటిదాక ఇంతే సంగతులు.

మహేందర్ తండ్రి రాజేశం బతికున్నప్పుడు ఒకసారి అన్నం కాడ "నేను లేనప్పుడు ఆ బర్రె..." అన్నడు. కొడుకులిద్దరు ఒక్కసారే "బాపూ, గట్లనకు" అన్నరు. నెల దాటినా బాపు కనబడలే. కల్లు సీసా మాత్రం రోజూ ఖాళీ అయ్యేది. ఆఖరికి ఆయనే బొగ్గుతో గోడ మీద "బర్రె చిన్నోనికి" అని రాసిండు. పెద్దకొడుకు వీరేందర్‌కు ఆ ముక్క పైకి చదవనీకి ఇంకో వారం పట్టింది.

రేణుకకు బొగ్గుతో పనిలేదు, ఫోనుంది. వాట్సాప్‌ల మెసేజ్ వచ్చింది: "పూర్తి చెయ్."

"పిల్లలు మంచిగ చదువుకోవాలె," అన్నడు మహేందర్, నలుదిక్కుల చూసుకుంట. రాలే.

"సల్లగుండాలె." రాలే.

"మా అన్న దగ్గర ఉండాలె." వంటింట్ల గిన్నెలు దబదబ పడ్డయి.

మళ్ల మెసేజ్: "నీకు తెలుసు. ఇద్దరు ఒక్కకాడ. శారద దగ్గర. నోటితో అంటే సాలదు, వకీలుతోని రాయించాలె. రేపు ఎవరు మాట మారుస్తరో ఎవరికెరుక?"

తెలుసు, గని అననీకి నోరు రాలే. శారద రేణుక చెల్లె. సిరిసిల్లల బట్టలు కుట్టే ఫ్యాక్టరీల పని, ఒక్క అద్దె గది. పెండ్లి చేసుకోలే. ఒక్కతే ఉంటది గని ఇద్దరికి వండుతది. చాలాసార్లు తెల్లారేసరికి రెండో మనిషి బువ్వ కూడా ఖాళీ. "ఒంటి మనిషి, రెండు పొట్టలు" అని చుట్టాలు నవ్వుతరు. జగిత్యాలల రెండంతస్తుల ఇల్లున్న అన్నను కాదని, ఆమె పేరు చెప్తే అన్న మొఖం ఎట్ల చూడాలె?

రేణుక పంతానికి ఒక కారణముంది. అక్కాచెల్లెండ్లు చిన్నగున్నప్పుడే నాయిన పోయిండు. ఏడాదికి తల్లి వజ్రమ్మ జ్వరంతో మంచంపట్టి "నేను లేనప్పుడు నా బిడ్డలు..." అన్నది. చుట్టూ ఉన్న పెద్దమనుషులు "ఊకో వజ్రమ్మా, గా మాటెందుకు" అన్నరు. మంచం ఖాళీ అయ్యింది. మనిషే పోయిందా, మాటే ఆగిందా అని ఎవరూ అడగలే. అడిగితే అదీ అపశకునమే కదా! దినాలు చేసేసిండ్లు. రేణుకను రాయికల్ మేనమామ, శారదను కోనరావుపేట పెద్దమ్మ తీసుకపోయిండ్లు. తర్వాత ఆ ఇద్దరు పెండ్లిళ్ల కాడ కలిసేటోళ్లు. ఒకరి జడ ఒకరు పట్టి చూసుకుని "పెరిగింది" అనుకునేటోళ్లు. పంక్తి లేవంగనే ఎవరి బస్సు వాళ్లది.

సంగతి తెలిసి వీరేందర్ జగిత్యాల నుంచి రెండు డజన్ల అరటిపండ్లతోని దిగిండు. "తమ్మీ, గింతదానికి పరేషానేంది? జీవన్ మా ఇంట్ల ఉంటడు, మన ఇంటి పోరడు. బిడ్డను శారద తీసుకపోతది. ఇటు నీకు, అటు రేణుకకు, ఇద్దరికి న్యాయం." అంటనే ఒక డజను ఇటు, ఒక డజను అటు పెట్టిండు. వీరేందర్ చెడ్డోడు కాదు. ఆయనకు ప్రేమంటే సమానంగ పంచుడే.

ఒక స్టీలు మూత ఆయన చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది.

"రేణుక ఇంట్లనే ఉన్నట్టున్నది," అన్నడు వీరేందర్ చెవి తడుముకుంట.

ఇల్లు అస్తవ్యస్తమైంది. కనబడని చేతులు జడేస్తే సంధ్యకు చక్కిలిగింతలు, ఒక్కకాడ నిలబడది. జీవన్ హోంవర్క్ మీద ఎర్రపెన్ను దానంతటదే నడుస్తుంటే వాడు ఏడుస్తడు. మహేందర్ దుకాణంల ఒక మోటారుకు తీగ ఉల్టా చుట్టిండు. అది నీళ్లు పైకి తేవుడు మాని ఉన్నకాడనే గుర్రుమన్నది. మెసేజ్‌లు మాత్రం గంట గంటకు ఒకటే: "చెప్తవా?" ఆయన జవాబు ఒకటే: "అన్న ఏమనుకుంటడే?"

"రేణుక కనబడేదాకనే," అని ఆఖరికి వీరేందర్ జీవన్‌ను బండెక్కించుకుని పోయిండు. ఆ పొద్దే శారద వచ్చి సంధ్యను సిరిసిల్ల తీసుకపోయింది.

సాయంత్రం మహేందర్ ఇంటికి వచ్చేసరికి ఎవరు ఎవరినీ కొడతలేరు. శారద ఫోన్ చేసింది. "బావా, పిల్ల తింటలేదు. మొదటి ముద్ద అన్న తినాలెనంట, తర్వాత తను తింటదంట." జీవన్‌కు వీడియో కాల్ చేస్తే వాడు చేతుల సంధ్య సాక్సు ఒకటి పట్టుకుని కూసున్నడు.

మహేందర్ చాలాసేపు ఆ సాక్సు దిక్కే చూసిండు. పక్కన కుర్చీ కిర్రుమన్నది. రేణుక కూడా చూస్తున్నట్టుంది.

"అన్నా," అన్నడు ఫోన్‌ల, "రేపు వకీలు కాడికి రా. పోరన్ని తోలుకొని రా."

వకీలు దివాకర్ సార్ ఒంగోలు దిక్కు నుంచి వచ్చి జగిత్యాల కోర్టు ముంగట ఆఫీసు పెట్టుకున్నడు. అందరు వచ్చి కూసున్నరు. రేణుక కుర్చీల ఆమె హ్యాండ్‌బ్యాగు ఒక్కటే గాలిల ఉన్నది.

"ఎవరి వీలునామా వాళ్లకు రాశానండీ, మేడం ఫోన్‌లో పంపిన సంగతి నా మాటల్లో పెట్టి. సంతకం కనబడితే చాలు, మనిషి కనబడకపోయినా పర్లేదు," అన్నడు దివాకర్ సార్.

వీరేందర్ గొంతు సవరించుకున్నడు. "సార్, నాదొక్క మాట. శారద మంచిదే, కాదనను. గని ఒంటి మనిషి. ఆమె డ్యూటీకి పోతే పిల్లల మొఖం ఎవరు చూస్తరు? ఇద్దరిని ఎట్ల సాకుతది?"

శారద తల వంచుకుని సంధ్య గౌను మడత సరిచేస్తున్నది. "నేను అడుగుత లేను బావా," అన్నది మెల్లగ. "వద్దంట కూడా లేను."

మహేందర్ అన్న దిక్కు చూడకుంట వకీలు దిక్కు తిరిగిండు. "మీరు చదువుండ్లి సార్."

దివాకర్ సార్ రేణుక కాగితం తీసి గట్టిగ చదివిండు: "నేను లేనప్పుడు నా బిడ్డలిద్దరూ ఒక్కచోటే ఉండాలి."

అందరు రేణుక కుర్చీ దిక్కు చూసిండ్లు. బ్యాగు బ్యాగు లెక్కనే ఉన్నది. రేణుక రాలే.

"చిన్నమ్మా, గీ ముసలమ్మ ఎవరు?" అన్నది సంధ్య.

తలుపు పక్క బెంచీ మీద తెల్లజుట్టు ఆడామె కూసున్నది. నడుముకు చెంగు దోపి, ఎన్నేండ్ల నుంచో తిట్లు దాచిపెట్టుకున్న మొఖంతోని ఉన్నది.

"ఒక్క మాట!" అన్నది వజ్రమ్మ. "ఒక్క మాట పూర్తి చెయ్యనీకి ఇన్నేండ్లా? నాకు రాయరాకపాయె, మీకేమో సమజ్ కాకపాయె!"

శారద లేచి పోయి బెంచీ మీద ఆమె పక్కన కూసున్నది. "అవ్వా," అన్నది. తల్లిని అట్ల పిలిచి ఎన్నాళ్లయిందో, ఆ పిలుపు చిన్నపిల్ల గొంతుతోనే వచ్చింది.

"ఈవిడ సాక్షా అండీ?" అన్నడు వకీలు.

"మా అత్త సార్. అప్పట్ల మాట సగంల ఆగింది." అని మహేందర్ ఒక్క ఘడియ ఆగి, కుర్చీ మీదికెళ్లి ఎగిరినంత పని చేసిండు. "సార్! మీరు బిడ్డలని రాసిండ్లు!"

"అవును. బిడ్డలంటే పిల్లలేగా?"

"మా దిక్కు బిడ్డంటే ఆడపిల్లనే సార్. మాకు ఒక్క బిడ్డ, ఒక్క కొడుకు. ఇద్దరు బిడ్డలున్నది మా అత్తకు. మీరు ఆమె మాట పూర్తి చేసిండ్లు."

దివాకర్ సార్ కళ్లద్దాలు తీసి కాగితాన్ని అనుమానంగ చూసిండు. వీరేందర్ మాత్రం ముందుకు జరిగిండు. "అంటే కొడుకు సంగతి ఇంకా ఏమీ రాయనట్టే కదా? మరి ఒంటి మనిషి దగ్గర..."

వజ్రమ్మ ఆయన దిక్కు తిరిగింది. "నేను కనబడ్తున్ననా నాయినా?"

"కనబడ్తున్నవు."

"కనబడ్తే నా బిడ్డ ఒంటి మనిషెట్లయితది?"

వీరేందర్ శారదను ఒకటి, వజ్రమ్మను రెండు అని వేళ్ల మీద లెక్కపెట్టిండు. పంచనీకి ఏం దొరకక చెయ్యి దించిండు.

"అన్నా, కోపం చెయ్యకు," అన్నడు మహేందర్. ఇన్నాళ్లు గొంతుల ఇరికిన మాట ఆయనకే కొత్తగ వినబడ్డది. "రేణుక లేనప్పుడు, నేను లేనప్పుడు, మా కొడుకు, మా బిడ్డ, ఇద్దరు ఒక్కకాడ ఉండాలె. శారద దగ్గర ఉండాలె. నువ్వు పెద్దబాపు లెక్క వచ్చిపోతుండాలె."

మధ్యల రెప్ప కొట్టేంతసేపు మహేందర్ కూడా మాయమై వచ్చిండు. వచ్చేసరికి పక్క కుర్చీల రేణుక ఉన్నది. మొఖం వాచింది, జడ ఊడింది, చేతుల పెన్ను సిద్ధంగున్నది.

"గింత మాటకు గిన్ని రోజులా?" అని మొగని మీద ఎగిరింది. తర్వాత బెంచీ దిక్కు తిరిగింది. పోయి తల్లి పక్కన, శారదను జరిపి, ఇరుకుల ఇరికి కూసున్నది. జీవన్ జేబుల నుంచి సాక్సు తీసి చెల్లె మొఖం మీద కొట్టిండు. సంధ్య వాని జుట్టు పట్టుకున్నది.

దివాకర్ సార్ "బిడ్డలు" కొట్టేసి "కొడుకు జీవన్, బిడ్డ సంధ్య" అని రాసి కాగితాలు తిప్పిండు. సాక్షి సంతకం వీరేందర్‌దే. చదివి, ఇంకోసారి చదివి, పెట్టిండు. బర్రె సంగతికంటే తొందరగనే పెట్టిండు.

జగిత్యాల బస్టాండ్‌ల సిరిసిల్ల బస్సు కదులుతున్నది. శారద కిటికీ కాడి సీటు తల్లికిచ్చింది.

"అయితే నా గిన్నెల బువ్వ తిన్నది నువ్వేనా?"

"ఇంకెవరు తింటరే? వారం నీ కాడ, వారం దాని కాడ. మీ ఇద్దరిని కలిసి చూద్దామంటే పెండ్లిళ్లు రావాలె. నువ్వు ఉప్పు ఎక్కువేస్తవు బిడ్డా. ఎన్నిసార్లు చెప్పిన్నో! నీకు వినరాకపాయె."

కండక్టర్ వచ్చిండు. "ఆధార్ కార్డులు తియ్యుండ్లి. ఒక్కరేనా?"

శారద తన కార్డు తీసింది. "నాకు ఫ్రీ టికెటియ్యి. ఈమెకు పైసలు తీసుకో. ఆధార్ వచ్చినప్పుడు ఈమె కనబడ్తలేకుండె."

"ఓ, గదా," అని కండక్టర్ టికెట్ కొట్టిండు. "మొత్తం ఎంతమంది?"

"ఇద్దరం," అన్నది శారద. సరిగ్గ వినబడ్డదో లేదోనని, ఇంకోసారి గట్టిగ అన్నది. "ఇద్దరం."