సైమా గొంతు పెరిగిన ఏడాది

మాచర్ల లైబ్రరీ తలుపులు తీయగానే దయామణి ముందు కిటికీలు తెరుస్తుంది. తర్వాత పేపర్లు బల్లల మీద పరుస్తుంది. కుండలో మంచినీళ్లు పోయిస్తుంది. నిన్న ఎవరో తిరగేసి వదిలేసిన పుస్తకాలను బీరువాల్లో సర్దుతుంది. సర్దేటప్పుడు ఒక్కో పుస్తకాన్నీ గట్టిగా మూసి పెట్టాలి. లేకపోతే అది మాట్లాడుతూనే ఉంటుంది.

మాచర్లలో పుట్టిపెరిగిన వాళ్లకు ఇదేం కొత్త కాదు. ఆ లైబ్రరీలో ఎవరైనా పుస్తకం పైకి చదివితే ఆ గొంతు పేజీల్లో ఉండిపోతుంది. తెరిచి చెవి దగ్గర పెట్టుకుంటే, రెండిళ్ల అవతల రేడియో మోగినట్టు సన్నగా వినపడుతుంది. మనసులో చదువుకుంటే ఏమీ మిగలదు. పేపరు చదివిన గొంతైతే సాయంత్రానికే పోతుంది. దయామణికి ముందు పనిచేసిన లైబ్రేరియను చదివిన లావుపాటి వేదాంత గ్రంథం ఒకటుంది. మొదటి రెండు పేజీల్లో ఆయన గొంతు, ఆ తర్వాత అట్ట దాకా ఆయన గురక.

మిగతా ఊళ్ల లైబ్రరీల్లో నిశ్శబ్దంగా ఉండమని బోర్డులు పెడతారు. ఇక్కడ వరండా అంతా చదివి వినిపించే వాళ్లదే. అక్షరాలు రానివాళ్లు, చూపు తగ్గినవాళ్లు సాయంత్రమయ్యేసరికి వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్లలో ఖాజా మొహిద్దీన్ ఒకడు.

ఖాజా మొహిద్దీన్ ఆర్టీసీలో డ్రైవరు. మాచర్ల, గుంటూరు మధ్య బస్సు తోలీ తోలీ రిటైరయ్యాక, షుగరొచ్చి రెండు కళ్లూ పోయాయి. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మనవరాలు సైమా చెయ్యి పట్టుకుని లైబ్రరీకి వచ్చేవాడు. వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, "ఇయ్యాల యాడికి పోదాం తల్లీ?" అనేవాడు. ఆయనకు ఊళ్లు తిరిగిన వాళ్లు రాసిన పుస్తకాలంటే ఇష్టం. సైమా అప్పుడు నాలుగో తరగతి. గబగబా చదివేసేది.

"నెమ్మదిగా తల్లీ! కామా దగ్గర బ్రేకెయ్యి. ఫుల్‌స్టాప్ దగ్గర బండి ఆపు. ఎక్కేవాళ్లు ఎక్కాలి, దిగేవాళ్లు దిగాలి గదా."

సైమా బండి ఆపేది. ఆమె దాదా అని పిలిచే ఆ తాత కళ్లు మూసుకుని, చదివిన ఊరిని ఒకసారి చూసుకుని, "ఇంక పోనియ్" అనేవాడు. అట్లా వాళ్లిద్దరూ కాశీ పోయారు, సిలోను పోయారు, మంచుకొండలెక్కారు. చీకటి పడేవేళకి దుమ్ము దులుపుకుని ఇంటికి పోయేవాళ్లు.

సైమా పదో తరగతిలో ఉండగా దాదా పోయాడు. ఆ తర్వాత ఆమె లైబ్రరీకి రాలేదు. ఆ స్తంభం దగ్గర ఒక్కతే కూర్చోవాలంటే మనసు ఒప్పలేదు. చదువుకుంది, ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరైంది, నాపరాళ్ల లారీ తోలే అక్రంని పెళ్లి చేసుకుంది. కూతురు ఫరా ఇంకా పాకుతున్నప్పుడు సైమా మెడలో గడ్డ లేచింది. గడ్డ తీశారు. ప్రాణం నిలిచింది గానీ గొంతు నరం దెబ్బతిని మాట పోయింది. నోరు తెరిస్తే ఊపిరి తప్ప ఏమీ రాదు. మాట లేని టీచరు బడిలో ఏం చేస్తుంది? ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుంది.

ఫరాకి ఐదేళ్లొచ్చాయి. తల్లి మాట ఎట్లా ఉంటుందో ఆ పిల్లకు తెలియదు. నాయనమ్మ కుల్సుం రోజంతా మాట్లాడుతూనే ఉన్నా పిల్ల మాత్రం తల్లినే చూసేది, తల్లిలాగే చేతుల్తో చెప్పేది. నీళ్లు కావాలంటే గ్లాసు చూపిస్తుంది. కోపమొస్తే నేల మీద చెయ్యి కొడుతుంది. ఒక పండక్కి వచ్చిన అక్రం అక్క అదంతా చూసి బాధపడింది. ఆమెది నరసరావుపేట.

"ఈ ఇంట్లో ఉంటే పిల్లకి మాట రాదురా. వచ్చే జూన్‌లో నా దగ్గరికి పంపియ్. మా పిల్లల్తో పాటు బడికి పోయిద్ది. మాటలు అవే వస్తయి."

అక్రం తల దించుకున్నాడు. కుల్సుం కొంగుతో కళ్లు తుడుచుకుంది. అందరూ సైమా వంక చూశారు. సైమా తలూపింది. ఆమె దగ్గర ఉన్న జవాబు అదొక్కటే.

ఆ దసరా వెళ్లాక లైబ్రరీకి మిషను వచ్చింది. గోడకు తగిలించిన టీవీ లాంటి తెర, కింద మైకు, పక్కన పుస్తకాలను ఫొటోలు తీసే యంత్రం. దాన్ని బిగించడానికి శరత్ అనే ఇంజనీరు వచ్చాడు. వాళ్లది ఈపూరు.

"పుస్తకాలన్నీ ఇది చదివేసుద్ది మేడమ్. ఇంక ఎవరేం అడిగినా నోటితో చెప్పుద్ది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్."

"ఎవరి గొంతుతో చెప్పుద్ది?" అంది దయామణి.

"కంపెనీ గొంతు ఒకటుంటది. న్యూస్ చదివే ఆవిడ లాగా."

కానీ పుస్తకాలన్నీ ఎక్కించి మిషను ఆన్ చేశాక కంపెనీ గొంతు రాలేదు. ఏ పుస్తకంలో సంగతి అడిగితే, ఆ పుస్తకాన్ని చదివిన వాళ్ల గొంతే వచ్చింది. పత్తిలో గులాబీ పురుగు గురించి అడిగితే ఆరోగ్యమ్మ పలికింది. ఆవిడ బతికున్నప్పుడు కూలికి పోతూ, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని, వ్యవసాయం పుస్తకాలు కూడబలుక్కుని చదివేది. ఇప్పుడూ అంతే. "గు... లా... బీ... పు... రు... గు..." అని మొదలుపెడితే రైతులు తువ్వాలు పరుచుకుని కూర్చుని, మందు పేరు వచ్చేదాకా ఓపిగ్గా వింటారు. ఆరోగ్యమ్మ కొడుకైతే పత్తి వెయ్యకపోయినా వచ్చి అడిగి పోతుంటాడు.

శరత్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. లోకల్ డేటా అట్లాగే ఉంటుందిలే, పని చేస్తుందా లేదా అన్నారంట. పని చేస్తుందన్నాడు. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

ఒక మధ్యాహ్నం బడి పిల్లలొచ్చి ఊళ్లు తిరిగే కథ చెప్పమన్నారు. మిషను గబగబా చదవసాగింది. ఆడపిల్ల గొంతు, ఎక్కడా ఆగకుండా. మధ్యలో ముసలాయన అడ్డమొచ్చాడు. "కామా దగ్గర బ్రేకెయ్యి తల్లీ." పిల్లలు పడీపడీ నవ్వారు. దయామణి చేతిలో పుస్తకం అక్కడే పెట్టి, సైమా వాళ్లింటికి బయల్దేరింది.

"సైమా, నీ గొంతు లైబ్రరీలో దొరికింది. వచ్చి చూసుకో," అంది, పోయిన గొడుగు దొరికినట్టు.

కుల్సుం బియ్యం చెరుగుతున్న చాట ఆపింది. "ఎప్పటిది?"

"చిన్నప్పటిది, వదినా. వాళ్ల దాదాని తీసుకొచ్చేది చూడు, అప్పటిది."

"బాగుందా?"

"చానా బాగుంది. ఏం పాడవలా."

సైమా ఫరాని తీసుకుని లైబ్రరీకి పోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ వరండా మెట్లెక్కింది. దయామణి అడగ్గానే మిషను కథ అందుకుంది. సైమా తన గొంతు తను విన్నది. నోట్లో కలకండ పెట్టుకుని చదివినట్టు 'స' దగ్గర కాస్త ముద్దగా పలికే గొంతు. పై పన్ను ఊడిన రోజులవి. మధ్యలో దాదా దగ్గాడు. "ఇంక పోనియ్" అన్నాడు. సైమా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోవాలని తోచలేదు.

ఫరా మాత్రం తెర దగ్గరికి పోయింది. తనకన్నా కాస్త పెద్ద పిల్ల ఎవరో లోపల ఉందనుకుంది.

"ఆపా," అని పిలిచింది. అక్కా అన్నట్టు. "నువ్వు యాడుంటావు? బయటికి రావా? మా ఇంట్లో మేకపిల్ల ఉంది."

ఆ పిల్ల ఒక్కసారిగా అన్ని మాటలు అనడం అదే మొదలు. మిషను పక్కన వైర్లు సర్దుతున్న శరత్ వైపు చూసింది సైమా. అతనికి అర్థమైంది.

"ఇక్కడ టైపు చేస్తే అదే గొంతుతో అంటది అక్కా. మీరేం అనాలనుకుంటే అది."

సైమా తెర ముందుకు జరిగింది. ముందుగా కూతురి పేరు కొట్టింది. "ఫరా," అంది మిషను. ఫరా ఉలిక్కిపడి సంతోషంగా తలెత్తింది, తెర వైపు. పక్కన నిలబడ్డ తల్లి వైపు చూడలేదు. పదేళ్ల తన గొంతు మీద సైమాకు అసూయ పుట్టింది.

శరత్ ఆ గొంతును ఆమె ఫోన్లో పెట్టిచ్చాడు. అప్పట్నించి సైమా ఏదైనా చెప్పాలంటే టైపు చేసి ఫోను ఎత్తి పట్టుకునేది. "అత్తమ్మా, కూరలో ఉప్పు ఎక్కువైంది," అని చిన్నపిల్ల గొంతు వంకపెడితే కుల్సుంకి కోపం రాకపోగా నవ్వొచ్చేది. కూరగాయల బండి మనిషి, "పాపా, మీ అమ్మని పిలువు," అనేవాడు. లారీ మీద ఉండి ఫోన్ చేసినప్పుడు అక్రం ఆ గొంతుకి ఏం జవాబు చెప్పాలో తెలియక, "బాగా చదువుకో," అనేశాడొకసారి. ఫరా ఆపాతో పొద్దస్తమానం కబుర్లే. మాటలు రోజురోజుకీ పెరిగాయి. కానీ ఆ మాటలన్నీ ఫోనుకే. తల్లితో చేతులే.

వాడుతున్న కొద్దీ గొంతు ఎదగసాగింది. ఎవరి గొంతైనా ఎదిగేదేగా. ముద్దమాట పోయింది. కల్లాల్లో మిరపకాయలు ఎండబోసే నాటికి అది పదో తరగతి పిల్ల గొంతైంది. అక్కడ ఆగిపోయింది. వారాలు గడిచినా మారలేదు. సైమా లైబ్రరీకి పోయి దయామణిని ఆ పిల్ల గొంతుతోనే అడిగింది, ఎందుకాగిందని.

"నువ్వు ఆ తర్వాత ఇక్కడ ఏదీ పైకి చదవలేదు గదమ్మా. ఇంక యాడి నుంచి పెరిగిద్ది?" అంది దయామణి. "చదవరాదూ? ఎండాకాలం సెలవులు. పిల్లలు ఊరికే తిరుగుతున్నారు."

సైమాకు భయమేసింది. మళ్లీ పిల్లల ముందు నిలబడాలి, అదీ ఫోను చేత్తో పట్టుకుని. మర్నాడు పొద్దున్నే ఫరాని వెంటబెట్టుకుని వచ్చి, దాదా ఆనుకునే స్తంభం దగ్గర తను ఆనుకుని కూర్చుంది. ఒళ్లో పుస్తకం తెరుచుకుంది. ఒక్కో వాక్యం టైపు చేస్తుంటే గొంతు ఒక్కో వాక్యం పలికింది. పిల్లలు మొదట ఆ ఫోను వంక చూశారు. తర్వాత కథలో పడ్డారు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆమె టైపు చేసేంతసేపు ఆగేవాళ్లు. ఆ ఆగడంలో ఏం జరగబోతుందో వాళ్లలో వాళ్లు పందేలు వేసుకునేవాళ్లు. ఎండలు ముదిరాయి. వరండాలో పిల్లలు ఎక్కువయ్యారు. గొంతు మళ్లీ కదిలింది. ఈ సారి అది పోతున్న దారి సైమాకు కూడా తెలియదు. తన అసలు గొంతు ఎట్లా ఉండేదో ఆమె ఎప్పుడో మర్చిపోయింది.

మే చివర్లో ఇంట్లో ఫరా బట్టలు సర్దడం మొదలైంది. కొత్త బ్యాగు, కొత్త చెప్పులు. ఆ రోజుల్లో సైమా ఇంట్లో ఫోను ముట్టుకోలేదు. లైబ్రరీకి పోయి చదివి వచ్చి, మౌనంగా గౌన్లకు గుండీలు కుట్టేది. మాటిచ్చిన సంగతి అందరికీ తెలుసు.

నరసరావుపేట వదిన పొద్దుటి బస్సుకే వచ్చింది. అక్రం కూడా లారీ దిగి వచ్చి ఉన్నాడు. టీలు తాగారు. కుల్సుం బ్యాగు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

"ఎండెక్కక ముందే బయల్దేరతాం సైమా. నువ్వేం దిగులు పెట్టుకోమాక. నా బిడ్డలాగే చూసుకుంటా," అంది వదిన, మనసారా.

సైమా ఫోను తీసింది. టైపు చేయసాగింది. చాలాసేపు చేసింది. వదిన గ్లాసు కింద పెట్టింది.

"వదినా, నువ్వు పిల్ల మంచికే అడిగావు. ఆ రోజు నేను తలూపాను. మాట లేక ఊపాను. ఇయ్యాల చెప్తున్నా. ఫరాని పంపను. నా దగ్గరే ఉంటది. ఈ ఊళ్లోనే చదువుద్ది."

అది చిన్నపిల్ల గొంతు కాదు. పెళ్లయి, బిడ్డను కని, జబ్బుపడి లేచిన మనిషి గొంతు. కాస్త బొంగురుగా ఉంది. తొందర లేదు. వదిన వెనక్కి తిరిగి చూసింది, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారేమోనని. అక్రం గోడకు ఆనుకుని, భుజం మీద తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కుల్సుం బ్యాగు జిప్పు తీసి గౌన్లు ఒక్కొక్కటే బయటపెట్టడం మొదలుపెట్టింది.

"నువ్వు కాదంటే నేనెందుకు తీసుకుపోతానే," అంది వదిన, ఇంకా ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందా అన్నట్టు చూస్తూ.

ఫరా కొత్త చెప్పు ఒకటి కాలికి, ఒకటి చేతిలో. అట్లాగే కుంటుకుంటూ వచ్చింది. ఫోను వైపు చూడలేదు. తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని, మెడ మీద ఆపరేషన్ మచ్చ దగ్గర అరచెయ్యి పెట్టింది.

"అమ్మీ, నీ గొంతు ఇట్టుంటదా?"

సైమా తలూపబోయి ఆగింది. ఫోను ఒళ్లో పెట్టుకుని టైపు చేసింది.

"ఆఁ, ఫరా. ఇట్టే ఉంటది."