అరగని షీటు

అత్తిముగంలో మంజులమ్మ పొద్దున లేస్తూనే వాకిలి చిమ్మి, చేను తెచ్చిపెట్టినవాటిని గోతంలో వేస్తుంది. ఆ ఊరి చేలు తమకు అరగనిదాన్ని తెల్లారేలోపు మడతపెట్టి యజమాని గడప ముందు పెడతాయి. షాంపూ పొట్లాలు, పాల కవర్లు, ఒక్కోసారి తెగిన చెప్పు. అవి తీశాకే ఆమె ముగ్గు వేస్తుంది.

ఆ ఆదివారం గడప ముందు మల్చింగ్ షీటు మోకాలెత్తున ఉంది.

అది కూతురు వినుత షీటు. బయోప్రొడక్ట్స్ ఇంజనీరింగ్ చదివి, హోసూరు కంపెనీలో రెండేళ్లు మామిడి తొక్కలతో కుస్తీపట్టి చేసింది. టమాటా మడుల మీద పరిస్తే కలుపు రాదు. కోతయ్యాక దున్నేస్తే మూడు నెలల్లో మట్టిలో కలిసిపోతుందని కాగితం మీద సంతకం పెట్టింది. ఆ సంతకం చూసే ఊళ్లో నలభై ఇళ్లవాళ్లు కొన్నారు.

సెలవుకి ఇంటికొచ్చిన వినుత చేతిలో తండ్రి చౌడప్ప ఒక ముక్క పెట్టాడు.

"ఐదు నెలలు కడుపులో పెట్టుకునింది మ్మా. ఇంక దాని చేత కాలేదు."

లాగితే సాగింది గానీ తెగలేదు. ప్లాస్టిక్కు. వినుతకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు దాన్ని మేనేజరు సుధీర్ బల్ల మీద పడేసింది.

"ఇందులో తొక్క ఎంత సార్?"

"పదో వంతు. అంతకంటే వేస్తే గిట్టదమ్మా."

"నేను సంతకం పెట్టింది దీనికి కాదు."

"మీ చేనుకు అజీర్తి చేస్తే కంపెనీ ఏం చేస్తుంది? కొత్త సీజను కాగితాలొచ్చాయి, పెట్టెయ్."

వినుత పెట్టలేదు. పాత సంతకాన్నీ వెనక్కి తీసుకుంటున్నానని కృష్ణగిరిలోని జిల్లా వ్యవసాయ ఆఫీసుకు రాసి పంపింది. సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడింది.

వారానికి దుర్గాదేవి అనే అధికారి విచారణకు ఊరికొచ్చింది. వెంట సుధీర్.

"అంతా మట్టిలో కలిసిపోయింది మేడమ్. కావాలంటే తవ్వించండి" అన్నాడు.

నాలుగు చేలు తవ్వించారు. ఒక్క ముక్క దొరకలేదు. సుధీర్ నవ్వాడు.

ఆ నవ్వు చూసి పక్కింటి సుబ్బక్క గోతం ఈడ్చుకొచ్చి అతని కాళ్ల ముందు బోర్లించింది. "యాడ కలిసినాదిరా? చేను నా గడప మీద కక్కిపోయినాది!" వెనకే తక్కిన ఇళ్లవాళ్లూ గోతాలు తెచ్చారు. షీట్ల మీద కంపెనీ ముద్ర చెక్కుచెదరలేదు.

దుర్గాదేవి ఆశ్చర్యపోలేదు. 'నలభై గడపల ముందు లభించినవి' అని రాసుకుంది. నెలలోపు ఆ షీటు అమ్మకం ఆగిపోయింది.

"ఇప్పుడన్నా కోపం దిగిందా మ్మా?" అన్నాడు చౌడప్ప.

"లేదు నాయనా. వాళ్లంతా నా పేరు చూసే కదా కొనింది."

వినుత చెప్పులేసుకుని, క్షమాపణ అడగడానికి మొదట సుబ్బక్క ఇంటికి బయల్దేరింది.