పాచి నిలవని తొట్టి

"ఇందులో విషముంటే ఏం చేస్తామే? మునిగేటప్పుడు మీ నాన్న నోరు మూసుకోరు," అన్నాను.

పెర్సిస్ బ్రష్షు ఆపలేదు. మా అమ్మాయి ఏలూరులో రంగుల కంపెనీలో పనిచేస్తుంది. కొల్లేటి వైపు చేపల చెరువుల్లో తిరిగే పడవల అడుగున పాచి పట్టకుండా వేసే పూతను తెచ్చి, భీమడోలులో మా చర్చి బాప్తిస్మపు తొట్టికి వేస్తోంది. విషం లేదని, ఒట్టి నునుపేనని, పట్టు దొరక్క పాచి జారిపోతుందని చెప్పింది.

నా భయం నాది. మా ఆయన ఏసోబు పెళ్ళయిన దగ్గర్నుంచీ బాప్తిస్మం వాయిదా వేస్తూనే ఉన్నారు. ప్రతి ఏడూ తొట్టి దాకా వస్తారు. మెట్ల మీది పాచి చూపించి, నడుం విరిగితే చేపల చెరువు ఎవరు చూస్తారంటూ వెనక్కి తిరుగుతారు. రేపు ఆయనకేమన్నా అయితే? పరలోకంలో నేను గుమ్మం లోపల, ఆయన బయట. తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

మెట్లు గరుగ్గానే వదిలేద్దామని పెర్సిస్ అంది. అక్కడ కాస్త పాచి మిగిలినా ఆయన దాన్నే చూపిస్తారని, నేను దగ్గరుండి మెట్లకి రెండో పూత కూడా వేయించాను.

ఆదివారం మా ఆయన వంగి తొట్టి నాలుగు మూలలూ వెతికారు. పాచి లేదు. చర్చంతా చూస్తోంది. తప్పక మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. మిగతా మెట్లు ఆయన దిగలేదు, అవే దించేశాయి. నీళ్ళలో అవతలి గోడ కమ్మీ పట్టుకుని నిలబడ్డ పాస్టరు ఎలీయాజరు అయ్యగారిని వాటేసుకుని ఆగారు. మెడ విరిగిందనే అనుకున్నాను.

అయ్యగారు నవ్వు ఆపుకుని అడిగారు.

"ఏసోబుగారూ, ప్రభువును నమ్ముతున్నారా?"

మా ఆయన తువ్వాలు మర్చిపోయానంటూ మెట్లవైపు తిరిగారు. ఎక్కబోయారు, జారి నీళ్ళలోకే వచ్చారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ వచ్చారు. పాచికే పట్టు దొరకని చోట ఆయనకేం దొరుకుతుంది? గట్టు మీదున్న సంఘపెద్దలు చేతులు వెనక్కి కట్టుకున్నారు. పెర్సిస్ పాటల పుస్తకంలో మొహం దాచుకుంది. ఆయన నావైపు చూశారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు నిలబడ్డాను, ఒక కన్ను కొంచెం తెరిచి.

స్టేషనులో పాసింజరు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

"నమ్మకానికేం లోటు లేదండీ, అయ్యగారూ," అన్నారు చివరికి మా ఆయన. "చెరువు మీద బతికేవాణ్ణి, నీళ్ళలో మునగాలంటే భయమని ఎలా చెప్పుకోనండీ?"