గడిలో రెండో లైను

పెళ్ళి సంబంధాల పుస్తకంలో ఒక్క లైను ఎగిరిపోతే ఏమవుతుందో జగ్గయ్యపేట కల్యాణమండపంలో ఆ ఆదివారం అందరికీ తెలిసొచ్చింది. ఉప్మా ప్లేట్లు ఇంకా చేతుల్లో ఉండగానే గొడవ మొదలైంది. రెడ్డిగూడెం నుంచి కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన రాఘవమ్మగారు పుస్తకాన్ని స్టేజీ మీదికి విసిరికొట్టింది.

"మొన్ననే డిగ్రీ పరీక్షలు రాసిన పిల్లండీ! దీనికి పెళ్ళీ మీరే చేశారు, మొగుణ్ణీ మీరే చంపేశారు! ఎవరండీ ఈ పుస్తకం వేసింది?"

వేసింది నందిగామలో సతీష్‌బాబు ప్రెస్సు. అక్షరాలు కూర్చింది అతని చెల్లెలు నీహారిక. వెనక వరసలో కూర్చుని టీ తాగుతున్న నీహారిక ఆ మాట వినగానే గ్లాసు కింద పెట్టేసింది. రాఘవమ్మగారి కూతురి పేరు ఆమెకి బాగా గుర్తు. ఆ అమ్మాయి పేరు పక్కన వివరాల గడిలో తను కొట్టినప్పుడు "ఉద్యోగస్తుడు కావలెను" అని తప్ప ఇంకేమీ లేదు.

ఈ పని సంగతి కొంచెం చెప్పుకోకపోతే తర్వాతి కథ అర్థం కాదు. విజయవాడలో కాపురం చెడిపోయి, ఏడాది పిల్లని చంకనేసుకుని పుట్టింటికి వచ్చిన నీహారికని ఆ రోజుల్లో అన్న ఒక్కడే మామూలు మనిషిలా పలకరించాడు. "ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుద్ది, ప్రెస్సుకొచ్చి కంప్యూటర్ ముందు కూచో" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె అతన్ని నెత్తిన పెట్టుకుంది. పెళ్ళికార్డులు, కరపత్రాలు, పురుగుమందుల కొట్ల రేట్ల పట్టికలు, అన్నీ నేర్చుకుంది. పట్టికలంటే మిగతా డీటీపీ వాళ్ళకి తలనొప్పి, ఈమెకి ప్రాణం.

వాళ్ళ ప్రెస్సులో ఉన్నది పాతకాలపు సాఫ్ట్‌వేర్, పాత తెలుగు ఫాంట్లు. ఏ గడి ఎవరిదో దానికి తెలీదు. ఒక్కో కాలమ్ ఒక్కో నిలువు పెట్టె. పేర్లన్నీ ఒక పెట్టెలో, చదువులన్నీ ఇంకోదాంట్లో, వివరాలన్నీ చివరిదాంట్లో. ఒకమ్మాయి వివరాలు మూడు లైన్లు వచ్చాయనుకోండి, ఆమె పేరు కింద, చదువు కింద ఎంటర్లు కొట్టి రెండేసి ఖాళీ లైన్లు వదలాలి. అప్పుడే తర్వాతి అమ్మాయి పేరూ వివరాలూ ఒకే ఎత్తులో మొదలవుతాయి. ఒక పెట్టెలో ఒక్క లైను తగ్గిందా, కింద ఉన్నవాళ్ళంతా తలా ఒక మెట్టు ఎగబాకుతారు. కింది అమ్మాయి మొదటి లైను పోయి పై అమ్మాయి గడిలో కూర్చుంటుంది. అందుకే నీహారిక ప్రతి పేజీకీ తెర మీద స్టీలు స్కేలు అడ్డంగా ఆనించి చూసేది. సతీష్‌బాబు అది చూసి నవ్వేవాడు. అతను మెషీను మనిషి. సిరా, రోలర్లు, కాగితం తెలుసుగానీ ఈ లైన్ల బాధ అతనికి తెలీదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు.

సంఘం వాళ్ళ వధూవరుల పరిచయ పుస్తకం పని వచ్చినప్పుడు తల్లి సీతారావమ్మ పట్టుబట్టింది.

"ఎట్లాగూ నువ్వే టైపు చేస్తున్నావు, నీ పేరూ ఎక్కించు."

"వద్దమ్మా. వచ్చినవాళ్ళు పాపని మీ దగ్గర వదిలేసి రమ్మంటున్నారు. ఇదివరకు చూశాంగా."

"ఎంతకాలం ఇట్లా? నా కాళ్ళూ చేతులూ ఆడినన్నాళ్ళేగా నేను చూసేది."

చివరికి నీహారిక ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. తన గడిలో మొదటి లైను "మొదటి వివాహం చట్టరీత్యా రద్దు" అనీ, రెండో లైను "ఆరేళ్ళ పాప ఉంది, నాతోనే ఉంటుంది" అనీ ఉండాలి. అది చదివి వచ్చేవాడే రావాలి, మిగతావాళ్ళ ముందు చీర కట్టుకుని కూర్చునే ఓపిక ఆమెకి లేదు. సతీష్‌బాబు అక్కడే ఆడుకుంటున్న పాప లాస్య తల మీద చెయ్యి పెట్టి, "నీ ఇష్టం ఎట్లా ఉంటే అట్లానే చెల్లీ. దాపరికం ఎందుకు, మనమేమన్నా తప్పు చేశామా?" అన్నాడు. నీహారికకి కళ్ళు చెమర్చాయి.

అబ్బాయిల పేజీలు కూర్చుతున్నప్పుడు ఒక గడి దగ్గర ఆమె చెయ్యి కాసేపు ఆగింది. వీరులపాడు రవితేజ, జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. "ఐదేళ్ళ బాబు ఉన్నాడు. భార్య అనారోగ్యంతో మరణించారు. పిల్లలున్నవారైనా అభ్యంతరం లేదు." మూడు లైన్లలో మనిషి దాచుకోకుండా అంతా చెప్పేశాడు. ఇలాంటివాళ్ళూ ఉంటారన్నమాట అనుకుంది. తల్లికి గానీ అన్నకి గానీ ఏమీ చెప్పలేదు, అనుకున్నందుకే కొంచెం సిగ్గుపడింది. మర్నాడు పేజీలన్నీ సరిచూసి, ఫైలు అన్నకి అప్పజెప్పి, ఇక అచ్చు ప్లేట్లకి పంపెయ్యమంది.

ఇప్పుడు మండపంలో ఎవరో వదిలేసిన పుస్తకం తీసుకుని అమ్మాయిల పేజీ తెరిచింది. రాఘవమ్మగారి కూతురి గడిలో ఉండాల్సిన లైను పై గడిలోకి పోయి, దాని చోట "భర్త మరణించారు" అని ఉంది. అది ఆ కింద ఉన్న మునగచర్ల ఆవిడ తాలూకు లైను. మునగచర్ల ఆవిడ గడిలో ఆ కింది అమ్మాయి కుజదోషం చేరింది. పేజీ పొడుగునా ఇదే వరస. వేలు పెట్టి పైకి వెళ్ళింది. తప్పు ఎక్కణ్ణుంచి మొదలైందో వెతుక్కుంటూ పోతే తన పేరు దగ్గరే ఆగింది.

మొదటి వివాహం చట్టరీత్యా రద్దు. దాని కింద పాప లేదు. పాప ఉండాల్సిన చోట కింది అమ్మాయి ఎత్తు, రంగు ఉన్నాయి.

తను ఆ లైను మర్చిపోయే మనిషి కాదు. తను తీసినా ఆ చోట ఒక ఎంటరు కొట్టి ఉండేది. ఇది ఆ పని తెలియని చెయ్యి చేసిన పని, ఆ చెయ్యి ఎవరిదో కనుక్కోవటానికి జాతకాలు చూడక్కర్లేదు. తడిగుడ్డతో గొంతు కోయటం అంటే ఇదే.

ఆమె తల ఎత్తేసరికి స్టేజీ మీద సంఘం అధ్యక్షుడు భవానీప్రసాద్‌గారు మైకు సతీష్‌బాబుకి ఇస్తున్నాడు. సతీష్‌బాబు చేతులు జోడించాడు.

"పెద్దలందరూ క్షమించాలండి. ప్రింటింగ్ వరకే నాది. కంపోజింగ్ మొత్తం మా చెల్లెలు నీహారిక చూసుకుందండి. మొదట్నించీ చివరిదాకా తన చెయ్యి తప్ప ఇంకోళ్ళ చెయ్యి పడలేదు. ఆడపిల్ల, ఏదో పరధ్యానంలో లైను జారిపోయింది. సరిచేసిన పుస్తకం మళ్ళీ ఇస్తాం."

మండపంలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. "పరధ్యానం కాదూ, మనసు మొగుడి మీదుండి ఉంటది" అని ఎవరో అన్నారు, నలుగురు నవ్వారు. నీహారిక ఆ నవ్వు మధ్యలోంచి లేచి నడిచి, స్టేజీ దిగి వస్తున్న అన్నని చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర పట్టుకుంది.

"నా గడిలో లైను ఎవరు తీశారు?"

సతీష్‌బాబు బుకాయించలేదు. "నేనే తీశా. అయితే ఏంటి ఇప్పుడు? పిల్ల ఉందంటే అక్కడే పేజీ తిప్పేస్తారు. ముందు రానీ, నిన్ను చూడనీ, మాట కలవనీ, ఆ తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు."

"లాస్య తల మీద చెయ్యి పెట్టి చెప్పావు అన్నయ్యా."

"నీ బాగు కోసమేగా."

"మరి మైకులో నా పేరెందుకు చెప్పావు? అది కూడా నా బాగు కోసమేనా?"

అతను జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఈ సంఘం పని ఏడాది పొడుగునా మనకే వస్తది. నా చేత్తో పాడైందంటే ఇంకో ప్రెస్సుకి పోతారు. నీదేముంది, నాలుగు రోజులు పోతే ఎవరికీ గుర్తుండదు."

ఇంతలో సీతారావమ్మ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "నెమ్మదిగా మాట్లాడు, అందరూ వింటున్నారు. నూరబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. వాడొక్కడే కాదు, మేమంతా అనుకునే చేశాం."

"మీరంతా అనుకున్నారు. నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాగా అమ్మా."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఐదేళ్ళుగా తను ఏ మనిషిని చూసుకుని ధైర్యంగా బతికిందో ఆ మనిషే తనని సంతలో నిలబెట్టాడని నీహారికకి ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు, భోజనాల హాల్లో ఆడుకుంటున్న పిల్లని తీసుకుని బస్సెక్కేదే. కానీ సతీష్‌బాబు గొంతు తగ్గించి, "గొడవ చెయ్యకు, వీరులపాడు వాళ్ళు నీ పేరు చూసి అడిగారు, ఇటే వస్తున్నారు" అన్నాడు.

వస్తున్నది రవితేజ, పక్కన వాళ్ళమ్మ. మనిషి సన్నగా, కొంచెం బెరుగ్గా ఉన్నాడు. భవానీప్రసాద్‌గారే దగ్గరుండి కుర్చీలు వేయించాడు. నీహారిక కూర్చుంది. కూర్చున్నందుకు తర్వాత తనని తాను చాలా తిట్టుకుంది గానీ, అప్పుడు ఆమె మనసులో ఉన్నది ఒకటే. ఈయన మూడు లైన్లూ దాచుకోకుండా రాసినవాడు. ఈయనకి ఇప్పుడే, వీళ్ళెవరూ నోరు తెరవకముందే, పాప సంగతి చెప్పెయ్యాలి.

ఆమె "చూడండి" అనేలోపే భోజనాల హాల్లోంచి లాస్య పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో సగం కొరికిన లడ్డూ. కొత్తవాళ్ళని చూసి టక్కున ఆగింది. అమ్మమ్మ మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత లడ్డూ నీహారిక ముందు పెట్టి, అప్పజెప్పిన పాఠంలా, "అత్తా, నువ్వు తింటావా?" అంది.

"మా సతీష్ కూతురండీ" అంది సీతారావమ్మ, నవ్వుతూ.

అన్న పుస్తకంలోంచి తీసేశాడు, సరే. అమ్మ ఏకంగా పిల్ల నోట్లోంచే తీసేసింది. ఎప్పుడు నేర్పింది? పొద్దున జడ వేస్తూ నేర్పిందా, బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పిందా? నాలుగు అక్షరాలు నేర్పటానికి బతిమాలించుకునే పిల్ల, ఇది మాత్రం ఎంత బుద్ధిగా నేర్చుకుందో!

పిల్లని దగ్గరికి లాక్కుంది. "ఇది నా కూతురండీ. లాస్య. నాకు పుట్టిన పిల్ల. నేను ఎక్కడుంటే ఇదీ అక్కడే ఉంటది."

రవితేజ వాళ్ళమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. రవితేజ మాత్రం పిల్ల వైపు, తర్వాత నీహారిక వైపు చూశాడు. కోపం లేదు అతని మొహంలో.

"పిల్లలున్నా పర్వాలేదని నేను రాయించానండీ. మా బాబుకి తోడవుద్దని అమ్మతో కూడా అన్నా. మీరెందుకు రాయలేదు?"

"రాశానండీ. తీసేశారు."

"ఎవరు?"

నీహారిక అన్న వైపు చూసింది. రవితేజ కూడా అటు తిరిగాడు. అడగాల్సిన మాట మర్యాదగానే అడిగాడు.

"ఇందాక మైకులో మీరు చెప్పారు కదండీ, పుస్తకం మీద చెల్లెలుగారి చెయ్యి తప్ప ఇంకోళ్ళది పడలేదని. అంతేనా?"

భవానీప్రసాద్‌గారు పక్కనే ఉన్నాడు. రాఘవమ్మగారూ ఇంకో నలుగురూ చుట్టూ చేరారు. సతీష్‌బాబు అందరి మొహాలూ చూశాడు. చెల్లెలి మొహం మాత్రం చూడలేదు. నీహారిక అతన్నే చూస్తోంది. ఇంత జరిగాక కూడా ఆమెకి ఇంకా ఆశ ఉంది. ఒక్క మాట చాలు, ఇదివరకు చేసిందంతా మర్చిపోయేది.

"అంతేనండి" అన్నాడు సతీష్‌బాబు. "ఏం ఎక్కించిందో, ఏం తీసిందో అంతా తనకే తెలుసు."

రవితేజ లేచి నిలబడ్డాడు. పోట్లాడలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. లాస్య బుగ్గ మీద వేలితో తట్టి, నీహారికకి నమస్కారం పెట్టి, "మా వాడి సంగతి దాచాలని నాకెప్పుడూ అనిపించలేదండీ" అని మాత్రం అన్నాడు. తల్లిని తీసుకుని వెళ్ళిపోయాడు.

నీహారిక ఏడవలేదు. ఏడిస్తే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుందనిపించింది. బ్యాగు భుజానికి తగిలించుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని మండపం బయటికి నడిచింది. వెనక నుంచి తల్లి "ఎక్కడికే?" అంటున్నా ఆగలేదు. నందిగామ వెళ్ళే బస్సు ఎక్కినా దిగాల్సింది ఆ ఇంటి దగ్గరే కదా అన్న సంగతి రోడ్డు మీదికి వచ్చాక గానీ తట్టలేదు. అయినా నడిచింది.

పిల్ల కొంచెం దూరం మాట్లాడకుండా వచ్చింది. తర్వాత చెయ్యి లాగింది.

"నేను కరెక్టుగానే చెప్పాగా? అమ్మమ్మ ఎట్లా చెప్పమంటే అట్లానే చెప్పా."

"కరెక్టుగానే చెప్పావు నాన్నా."

"మరి వాళ్ళు వెళ్ళిపోయారుగా. ఇప్పుడు మామూలుగా పిలవొచ్చా?"

నీహారిక రోడ్డు పక్కన, లారీల దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల భుజాలు పట్టుకుంది. "పిలువు. ఎవరున్నా పిలువు."

లాస్య ముందు వెనక్కి తిరిగి, అమ్మమ్మ గానీ వస్తోందేమోనని మండపం దాకా చూసుకుంది. ఎవరూ రావటం లేదని తేలాక, చెవి దగ్గర నోరు పెట్టి, చాలా మెల్లగా, "అమ్మా" అంది.